ప్రాచీన థీరా: నీళ్లు లేని కొండ మీద పదిహేను వందల ఏళ్లు నిలిచిన ఊరు

మీరు అడిగినవి మూడు. గ్రీసులోని సాంటోరిని దీవిలో కమారి బీచ్ పక్కన కొండ మీదున్న ‘ప్రాచీన థీరా’, అగ్నిపర్వతం పేలినప్పుడు పూడిపోయిన నగరం ఒకటేనా? చుక్క నీరు లేని ఆ కొండ కొసన ఊరెందుకు కట్టుకున్నారు? నాలుగు రోజుల ట్రిప్పులో ఒక పూట దానికి పెట్టడం దండగా, కాదా? వెళ్లొచ్చిన మీ ఫ్రెండ్స్ ‘రాళ్లు తప్ప ఏమీ లేవు’ అన్నారు కదా, ముందు దానికి చెబుతాను. వాళ్లు చెప్పింది నిజమే, ఉన్నవి రాళ్లే. నిలబడ్డ గుడి ఒక్కటి కూడా కనపడదు. ఏథెన్స్‌లో పార్థెనాన్ చూసి అదే ఊపులో ఇక్కడికొస్తే నీరసం వస్తుంది. కానీ ఈ ఊరివాళ్లు ఆ రాళ్ల మీద రాసుకున్నంతగా గ్రీసులో మరే చిన్న ఊరివాళ్లూ రాసుకోలేదేమో అనిపిస్తుంది నాకు. ఏం రాశారో కొంచెం తెలుసుకుని వెళ్తే ఆ పూట వృథా కాదు.

మొదటి ప్రశ్నకు జవాబు: కాదు, ఆ రెండూ వేరు. అగ్నిపర్వతం బూడిద కింద పూడిపోయింది అక్రోతిరి. అది దీవికి నైరుతి కొసన ఉంది. క్రీ.పూ. 1600 ప్రాంతంలో జరిగిన ఆ పేలుడు దీవి నడిమధ్యను మింగేసింది. మీరు ఫొటోల్లో చూసే నిలువు కొండచరియలు, వాటి మధ్య నీళ్లు దాని ఫలితమే. అక్రోతిరిలో 1967 నుంచి స్పిరిడోన్ మారినాటోస్ తవ్వకాలు మొదలుపెట్టాడు. ఆ ఊరి జనం కంచుయుగం వాళ్లు, వాళ్ల లిపి, బొమ్మలు, దేవుళ్లు అన్నీ వేరు. పేలుడు తర్వాత కొన్ని వందల ఏళ్లకు స్పార్టా వైపు నుంచి వచ్చిన డోరియన్ గ్రీకులు దీవికి ఆగ్నేయాన మెసా వూనో అనే కొండ మీద కట్టుకున్న కొత్త ఊరే థీరా. తమ కాళ్ల కింద బూడిదలో ఇంకో నగరం ఉందన్న సంగతి వాళ్లకు తెలిసినట్టు ఎక్కడా కనపడదు. సముద్రంలో మునిగిపోయిందనే అట్లాంటిస్ కథను అక్రోతిరికి ముడిపెట్టే టూరిస్టు పుస్తకాలు దొరుకుతాయి. వాటి సంగతి మీ ఇష్టం, కానీ ఈ కొండకు మాత్రం ఆ కథతో ఏ సంబంధమూ లేదు.

ఇక రెండో ప్రశ్న, ఊరు ఆ కొండ మీదే ఎందుకని. దీనికి భూమే జవాబు చెబుతుంది. సాంటోరినిలో చాలా భాగం లావా, బూడిద. మెసా వూనో, దాని పక్కనున్న ప్రొఫీతిస్ ఇలియాస్ మాత్రం అగ్నిపర్వతం కంటే పాతవైన సున్నపురాతి కొండలు. ప్రొఫీతిస్ ఇలియాస్ 560 మీటర్లు దాటుతుంది. మెసా వూనో 360 మీటర్లకు కాస్త పైన. మెసా వూనోకు మూడు వైపులా నిట్టనిలువు చరియలు, కింద సముద్రం, మైదానం. నాలుగో వైపు ప్రొఫీతిస్ ఇలియాస్‌తో కలిపే సన్నటి వెన్ను ఉంది, దాని పేరు సెలాడా. ఊళ్లోకి ఎవరు రావాలన్నా ఆ వెన్ను మీదుగానే రావాలి. పైనుంచి చూస్తే ఏ ఓడ ఎటునుంచి వస్తోందో గంటల ముందే తెలుస్తుంది. సముద్రపు దొంగల రోజుల్లో ఇంతకంటే మంచి కోట దొరకదు. పైగా గట్టి రాయి కాబట్టి గోడలకు బండలు అక్కడికక్కడే కొట్టుకోవచ్చు. దీవిలో మిగతా చోట్ల కొట్టుకునేది ఎక్కువగా అగ్నిపర్వతపు రాయే.

లేనిదల్లా నీరు. కమారి వైపు నుంచి ఎక్కే కాలిబాట దగ్గర ఒక గుహలో చిన్న ఊట ఉంది, ఇప్పుడు అక్కడ ఒక చాపెల్ కట్టారు. అది కూడా ఊరికి బాగా కిందే. కాబట్టి కొండ మీద తాగే ప్రతి చుక్కా వాన చుక్కే. దాదాపు ప్రతి ఇంటి కిందా రాతిలో తొలిచిన సంపు ఉంటుంది. కప్పు మీద పడ్డ వాన కాలువల గుండా అందులోకి దిగుతుంది. మీరు వెళ్లినప్పుడు గోడల కంటే ముందు ఆ సంపుల నోళ్లు వెతకండి. ఇళ్లు కట్టి సంపులు తవ్వారనడం కంటే, సంపులు తవ్వి వాటి మీద ఇళ్లు కట్టారనడమే సరి. వాన ఎగ్గొడితే ఈ ఊరికి ఇంకో దారి లేదు. గ్రీకు చరిత్రలో థీరాకు చోటిచ్చిన కథ కూడా అక్కణ్నుంచే మొదలవుతుంది.

ఊరు పుట్టుక గురించి ప్రాచీన గ్రీకు చరిత్రకారుడు హెరోడొటస్ తన చరిత్ర నాలుగో భాగంలో రాశాడు. థేరాస్ అనేవాడు స్పార్టా రాకుమారులకు మేనమామ. వాళ్లు చిన్నపిల్లలుగా ఉన్నప్పుడు వాళ్ల తరఫున రాజ్యం నడిపాడు. పిల్లలు పెద్దవాళ్లై గద్దె ఎక్కాక ఒకరి కింద బతకడం నచ్చక, కొంతమందిని వెంటబెట్టుకుని ఈ దీవికి వచ్చాడు. అప్పటిదాకా దీవి పేరు కల్లిస్తే, అక్కడ అప్పటికే ఫినీషియన్లు ఉన్నారని కథ. థేరాస్ పేరే దీవికి నిలిచింది. కథలో ఎంత నిజమో గానీ, డోరియన్ యాస, స్పార్టాలో లాగే అపోలో కార్నెయోస్ పూజ, సెలాడా శ్మశానంలోని పాత సమాధులు చూస్తే క్రీ.పూ. 8వ శతాబ్దానికల్లా ఊరు స్థిరపడిందని స్పష్టంగా తెలుస్తుంది.

తర్వాత కరువొచ్చింది. థీరా రాజు గ్రిన్నోస్, అపోలో దేవుడి జోస్యం చెప్పే డెల్ఫీ గుడికి వెళ్లి వేరే ఏదో అడిగితే, లిబియాలో ఒక ఊరు కట్టమని దేవుడి మాట వచ్చిందట. నేను ముసలివాణ్ని, ఈ కుర్రాళ్లలో ఎవరికైనా చెప్పు అంటూ రాజు పక్కనున్న బట్టోస్‌ను చూపించాడు. ఇంటికొచ్చాక అందరూ ఆ సంగతి మర్చిపోయారు. లిబియా ఎక్కడుందో కూడా వాళ్లకు తెలియదు. ఆ తర్వాత ఏడేళ్లు వాన లేదు. దీవిలో ఒక్క చెట్టు తప్ప అన్నీ ఎండిపోయాయి. మళ్లీ డెల్ఫీకి పోతే మళ్లీ అదే మాట. చివరికి క్రీట్‌లో కొరోబియోస్ అనే జాలరిని పట్టుకుని దారి తెలుసుకున్నారు. ఊరి ఏడు పేటల నుంచి, అన్నదమ్ములున్న ఇళ్లలో ఒకరి చొప్పున చీటీ వేసి తీశారు. రెండు ఓడలు బయల్దేరాయి, నాయకుడు బట్టోస్. లిబియా దాకా పోయి, ఏం చేయాలో తోచక వెనక్కి తిరిగొస్తే, ఊరివాళ్లు వాళ్లను ఒడ్డుకు రానివ్వలేదు. వాళ్ల మీదికి రాళ్లూ రప్పలూ విసిరి తిప్పి పంపేశారు.

హెరోడొటస్ చెప్పాడు కదా అని నమ్మక్కర్లేదు అంటారేమో. ఇదే సంగతి చెప్పే రాతిశాసనం లిబియాలో ఈ వలసవాళ్లు కట్టుకున్న సిరీన్‌లో దొరికింది. చెక్కింది క్రీ.పూ. 4వ శతాబ్దంలో. అందులో పాత థీరా ఊరి తీర్మానాన్ని, వలస వెళ్లేవాళ్ల ప్రమాణాన్ని ఎత్తి రాశారు. ఆ పాఠం నిజంగా క్రీ.పూ. 7వ శతాబ్దపుదేనా, తర్వాత ఎవరైనా మెరుగులు దిద్దారా అన్న వాదం పండితుల మధ్య నడుస్తూనే ఉంది. నాకు మాత్రం అందులోని కటువుదనం కల్పనలా అనిపించదు. ఇంటికొక కొడుకు వెళ్లాలి. ఊరు పంపితే వెళ్లనన్నవాడికి మరణశిక్ష, ఆస్తి ఊరిపాలు. వాణ్ని దాచిపెడితే, తండ్రి కొడుకును దాచినా, అన్న తమ్ముణ్ని దాచినా, అదే శిక్ష. ఐదేళ్లు కష్టపడ్డా అక్కడ నిలదొక్కుకోలేకపోతే మాత్రం తిరిగి రావచ్చు, వాళ్ల పొలాలు వాళ్లకిస్తారు. తర్వాత మైనపు బొమ్మలు చేసి, ఆడా మగా పిల్లా పెద్దా అందరూ చుట్టూ చేరి వాటిని కాల్చారు. ప్రమాణం తప్పినవాడు, వాడి సంతానం, వాడి ఆస్తి ఈ బొమ్మల్లా కరిగిపోవాలని శపించారు. ‘గ్రీకు వలసలు’ అని పాఠాల్లో చదివితే ఏదో సాహసయాత్ర అనుకుంటాం. లోపల ఇదీ సంగతి. తినే నోళ్లు తగ్గించుకోవడానికి ఊరు తన పిల్లల్నే బలవంతంగా పంపించింది.

వెళ్లినవాళ్లు మొదట ప్లాటియా అనే చిన్న దీవిలో, తర్వాత ఒడ్డున అజిరిస్ అనే చోట కొన్నేళ్లు ఉన్నారు. చివరికి అక్కడి లిబియన్లు వాళ్లను ఒక ఊట దగ్గరికి తీసుకెళ్లి, మీరుండాల్సింది ఇక్కడ, ఇక్కడ ఆకాశానికి చిల్లులున్నాయి అన్నారట. క్రీ.పూ. 630 ప్రాంతంలో అలా పుట్టిన ఊరే సిరీన్. అది కూడా కొండ మీది ఊరే, కాకపోతే నీళ్లున్న కొండ. ధాన్యంతో, సిల్ఫియం అనే మందుమొక్క వ్యాపారంతో అది తల్లి ఊరికంటే ఎన్నో రెట్లు ధనవంతమైంది. బట్టోస్ వంశం అక్కడ ఎనిమిది తరాలు ఏలింది.

థీరా మాత్రం తర్వాతి రెండు వందల ఏళ్లు పెద్దగా ఎవరి కంటా పడలేదు. క్రీ.పూ. 431లో ఏథెన్స్, స్పార్టా యుద్ధం మొదలైనప్పుడు ఈ చుట్టుపక్కల దీవుల్లో ఏథెన్స్ వైపు లేనివి మెలోస్, థీరా మాత్రమే అని ఆ కాలపు చరిత్రకారుడు థుకిడిడిస్ రాశాడు. కొద్దికాలానికే థీరా పేరు ఏథెన్స్ కప్పం లెక్కల్లో కనపడుతుంది. అంతకుమించి చెప్పుకోదగ్గది లేదు.

ఊరి దశ తిరిగింది క్రీ.పూ. 3వ శతాబ్దంలో. ఈజిప్టు ఏలుతున్న టోలెమీ రాజులకు ఏజియన్ సముద్రంలో నౌకాస్థావరం కావాల్సివచ్చింది. 260ల ప్రాంతంలో వాళ్ల సైన్యం ఈ కొండ మీద దిగింది, క్రీ.పూ. 145 దాకా కదల్లేదు. మీరు ఈరోజు చూసే వీధులు, అగోరా అనే సంత మైదానం, థియేటర్ చాలావరకు ఆ వందేళ్లలో రూపం పోసుకున్నవే. థియేటర్‌లో దాదాపు 1500 మంది కూర్చోవచ్చు. మెట్ల మీద కూర్చుంటే వేదిక వెనకాల సూటిగా సముద్రమే. సైనికుల డబ్బుతోపాటు వాళ్ల దేవుళ్లు కూడా వచ్చారు. ఐసిస్, సరపిస్, అనూబిస్‌లకు ఇక్కడ రాతిలో తొలిచిన గుడి ఉంది.

ఇక్కడ మనవాళ్లకు ఆసక్తి కలిగించే సంగతి ఒకటి. అశోకుడి పదమూడో శిలాశాసనంలో, తన ధర్మం చేరిన దూరదేశాల గ్రీకు రాజుల పేర్లు ఐదు ఉన్నాయి. వాటిలో తులమయ అంటే రెండో టోలెమీ, థీరాకు సైన్యం పంపినవాడు. మకా అంటే మాగస్, థీరా బిడ్డలు కట్టుకున్న సిరీన్‌కు అప్పటి రాజు. ఆ శాసనాల ప్రతి ఒకటి కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద ఇప్పటికీ ఉంది, గుత్తికి దగ్గరే. అశోకుడికి థీరా పేరు తెలిసి ఉంటుందని కాదు. కానీ ఆ కొండ మీద సైనికులకు జీతమిచ్చిన రాజు పేరు మన రాయలసీమ రాతి మీద అదే శతాబ్దంలో చెక్కారంటే, నాకు ఎన్నిసార్లు తలచుకున్నా ఆశ్చర్యమే.

ఆ సైన్యంలో పనిచేసిన అధికారి ఒకడు ఆర్టెమిడోరస్, ఇప్పటి టర్కీ దక్షిణ తీరంలోని పెర్గె ఊరివాడు. ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు, ఊరు అతనికి పౌరసత్వం ఇచ్చింది. ఊళ్లోకి వెళ్లే దారి పక్కన కొండరాతిని చెక్కించి తన ఖర్చుతో ఒక దేవస్థానం చేయించాడు. జ్యూస్‌కు గద్ద, అపోలోకు సింహం, పొసైడన్‌కు డాల్ఫిన్ బొమ్మలు అక్కడ ఇప్పటికీ స్పష్టంగా కనపడతాయి. సైనికులకూ ఊరివాళ్లకూ మధ్య పొత్తు కుదరాలనేమో, సామరస్య దేవత హొమోనోయాకు కూడా ఒక బలిపీఠం పెట్టాడు. డాల్ఫిన్ పైన పక్కకు తిరిగిన ఒక మొహం ఉంటుంది, అది దేవుడిది కాదు, ఆర్టెమిడోరస్‌దే. ఆకాశంలో చుక్కలు పొడుస్తున్నంత కాలం, నేల నిలిచి ఉన్నంత కాలం ఆర్టెమిడోరస్ పేరు ఉంటుందని పద్యం కూడా చెక్కించుకున్నాడు. గుడికి ఫ్యాన్ ఇచ్చి దాని రెక్కల మీద పేరు రాయించుకునేవాళ్లను చూసి నవ్వుకుంటాం గానీ, ఈయన పంతం మాత్రం నెగ్గింది.

అక్కడితో ఆగి వెనక్కి తిరిగేవాళ్లే ఎక్కువ. మీరు ఆగకండి. ప్రధాన వీధి వెంట ఊరి ఆ కొస దాకా నడవండి. అక్కడ అపోలో కార్నెయోస్ గుడి ఉంది, క్రీ.పూ. 6వ శతాబ్దపుది, కొంత కట్టుబడి, కొంత రాతిలో తొలిచినది. దాని ముందున్న పెద్ద అరుగు మీద కార్నెయా పండుగకు కుర్రాళ్లు దేవుడి ముందు నాట్యమాడి చూపించేవాళ్లు. చుట్టుపక్కల బండల మీద వంగి చూస్తే గీతలు కనిపిస్తాయి, ఎండ ఏటవాలుగా పడే పొద్దునపూట అయితే బాగా తెలుస్తాయి. అవి గ్రీకు అక్షరాల్లో మనకు దొరికిన అతి పాత రాతల్లో కొన్ని. జ్యూస్, ఉత్తరపు గాలి, ఇలా దేవుళ్ల పేర్లు కొన్ని. ఫలానావాడు బాగా ఆడాడు, ఫలానావాడు అందరికంటే మేలు అనేవి చాలా. కొన్ని పోకిరీ రాతలు కూడా ఉన్నాయి, ఏ కాలమైనా కుర్రాళ్లు కుర్రాళ్లే.

ఆ లిపి చూడాల్సిందే. ఫినీషియన్ల దగ్గర అక్షరాలు నేర్చుకుని గ్రీకులు ఇంకా కుదురుకోని రోజులవి. కొన్ని వరుసలు కుడి నుంచి ఎడమకు పోతాయి. కొన్ని పొలంలో చాలు తోలే ఎడ్లలా చివర్న మలుపు తిరిగి వెనక్కి వస్తాయి, అక్షరాలు కూడా అద్దంలో చూసినట్టు తిరగబడతాయి. తర్వాతి గ్రీకులో ‘ఫ’, ‘ఖ’లకు వేరే అక్షరాలున్నాయి. థీరాలో అవి లేవు, ‘ప’ పక్కన ‘హ’, ‘క’ పక్కన ‘హ’ పెట్టి సరిపెట్టుకున్నారు. మెలోస్, థీరా ఈ పద్ధతిని చాలాకాలం పట్టుకుని వేలాడాయి.

దీవిలో దొరికిన పాత రాతల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైనది కొండ మీద లేదు, దీవి ముఖ్యపట్టణం ఫిరాలోని మ్యూజియం వస్తువు. 480 కిలోల నల్లటి అగ్నిపర్వతపు గుండు. దాని చుట్టూ క్రీ.పూ. 6వ శతాబ్దపు అక్షరాల్లో ‘క్రిటోబోలోస్ కొడుకు యూమాస్టాస్ నన్ను నేల మీంచి ఎత్తాడు’ అని ఉంటుంది. ఆ బరువు మనిషి ఎత్తగలడా అని క్రీడా చరిత్రకారులు ఇంకా కొట్టుకుంటున్నారు. ఎంత ఎత్తు లేపాడో అందులో రాయలేదు మరి, అక్కడే ఉంది కిటుకు.

రోమన్ల కాలంలో ఊరు నిలకడగా బతికింది, గొప్పగా ఏమీ కాదు. అగోరా పక్కన బాసిలికే స్తోవా అనే పెద్ద చావడి ఉంది, దాదాపు 40 మీటర్ల పొడవు. మధ్యలో ఒక వరుస స్తంభాలు, వాటి మొదళ్లు ఇప్పటికీ నిలబడే ఉన్నాయి. క్రీ.శ. 2వ శతాబ్దం మధ్యలో క్లెయిటోస్థెనెస్ క్లాడియానస్ అనే ఊరి ధనికుడు దాన్ని సొంత ఖర్చుతో బాగుచేయించాడు. చక్రవర్తి కుటుంబం విగ్రహాలు లోపల పెట్టేవారు. తర్వాత క్రైస్తవం వచ్చింది. గుళ్ల రాళ్లు పీకి చర్చిలు కట్టారు. ఊరి ముఖద్వారం దగ్గర ఇప్పుడు కనిపించే చిన్న ఆగియోస్ స్తెఫానోస్ చాపెల్ అలాంటి పాత చర్చి శిథిలం మీదే నిలబడి ఉంది.

క్రీ.శ. 726లో సముద్రం లోపల అగ్నిపర్వతం మళ్లీ పొగ కక్కింది. నీళ్ల మీద తేలే అగ్నిపర్వతపు రాళ్లు ఆసియా మైనర్ (ఇప్పటి టర్కీ) ఒడ్డుదాకా కొట్టుకుపోయాయని బైజాంటైన్ చరిత్రకారుడు థియోఫానెస్ రాశాడు. కాన్‌స్టాంటినోపుల్‌లో చక్రవర్తి మూడో లియో దాన్ని విగ్రహపూజ మీద దేవుడి కోపమని చెప్పుకున్నాడు. కొండ మీది ఊరు ఖాళీ అయింది కూడా ఆ రోజుల్లోనే. తర్వాత వెయ్యేళ్లకు పైగా అది పశువుల కాపరుల చోటు. 1890ల మధ్యలో ఫ్రీడ్రిష్ హిల్లర్ ఫోన్ గెర్ట్రింగెన్ అనే జర్మన్ పండితుడు వచ్చి, దాదాపు ఊరంతా తవ్వించి, శాసనాలన్నీ అచ్చువేయించాడు. సెలాడా సమాధుల్ని 1961 నుంచి నికొలావోస్ జాఫీరోపూలోస్ తవ్వాడు. అక్కడే 2000 సంవత్సరంలో రెండు మీటర్లకు మించిన పాలరాతి యువతి విగ్రహం ఒకటి బయటపడింది, క్రీ.పూ. 7వ శతాబ్దపుది.

ఇక వెళ్లడం సంగతి. కారు, వ్యాన్ కమారి వైపు నుంచే సెలాడా దాకా ఎక్కుతాయి, మలుపులు గట్టివి. కొండకు అవతలి వైపున్న పెరిస్సా ఊరి నుంచి కాలిబాట మాత్రమే ఉంది. పెరిస్సాలో రూమ్ తీసుకుని ‘కమారి ఇదిగో ఇక్కడే కదా’ అనుకోవద్దు. మధ్యలో ఈ కొండ అడ్డం, కారులో చుట్టు తిరిగి రావాలి. సెలాడా నుంచి ఊరి గేటు దాకా, ఊరంతా కూడా నడకే. పైన నీళ్లు, తిండి దొరుకుతాయని నమ్ముకుని వెళ్లకండి, కింద నుంచే తీసుకెళ్లండి. నీడ దాదాపు లేదు. జులై, ఆగస్టుల్లో వీచే మెల్తెమి గాలికి టోపీ నిలవదు, చరియల అంచున ఫొటోలకు వెనక్కి వెనక్కి నడవడం అసలే వద్దు. చెప్పులు కాదు, పట్టున్న బూట్లు. నడిచి నడిచి ఆ సున్నపురాయి నునుపు తేలి ఉంటుంది. మధ్యాహ్నం దాటాక త్వరగా మూసేస్తారు, వారంలో ఒక రోజు సెలవు కూడా ఉంటుంది. వేళలు సీజన్‌ను బట్టి మారుతాయి, భూకంపాలు వచ్చినప్పుడు దారి మూసేస్తుంటారు కూడా. కాబట్టి వెళ్లే ముందు రోజు గ్రీసు సంస్కృతి శాఖ వెబ్‌సైట్ చూసుకోండి, ఫిరా మ్యూజియం తెరిచి ఉందో లేదో కూడా అక్కడే చూడండి.

అక్రోతిరి, థీరా రెండిట్లో ఒక్కదానికే టైముంటే? మీతో పెద్దవాళ్లో చిన్నపిల్లలో ఉంటే అక్రోతిరికే వెళ్లండి. పైన కప్పు ఉంది, నడవడానికి చదునైన దారి ఉంది, రెండంతస్తుల ఇళ్లు కళ్లముందే కనపడతాయి. మీరిద్దరే అయితే, మోకాళ్లు బాగుంటే, తెరిచే వేళకే థీరా ఎక్కండి. మొదట సూటిగా అపోలో కార్నెయోస్ గుడి అరుగు దాకా వెళ్లి రాతలు చూసి, వెనక్కి వస్తూ థియేటర్, అగోరా, ఆర్టెమిడోరస్ చూసుకుంటే ఎండ ముదిరే లోపు కిందికి దిగిపోవచ్చు.